చీలమండ మార్పిడి: మోకాలి లెక్క ఇక్కడ పనికిరాదు

నెల్లూరు, తిరుపతి, సూళ్లూరుపేట వైపు నుంచి ఎముకల వైద్యానికి చెన్నై రావడం తరాలుగా ఉన్న అలవాటే. పెరంబూరులోనో వ్యాసర్‌పాడిలోనో చుట్టాలుంటారు, ఆసుపత్రుల్లో తెలుగుతో పని జరిగిపోతుంది. ఇలా వచ్చి మోకాళ్లు మార్పించుకుని, నెల తిరగకముందే ఇంట్లో తిరుగుతున్న పెద్దవాళ్లు చాలా కుటుంబాల్లో ఉన్నారు. అందుకే చీలమండ అరిగిపోయిందని డాక్టర్ చెప్పగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట, 'మోకాలు మార్చినట్టే దీన్నీ మార్చేయొచ్చు కదా' అని. మార్చొచ్చు. టోటల్ యాంకిల్ రీప్లేస్‌మెంట్ అనే ఆపరేషన్ ఉంది, బాగా పనిచేసినవాళ్లకు బాగానే పనిచేస్తోంది. కాకపోతే మోకాలిని చూసి పెట్టుకున్న ఆశలు చీలమండ దగ్గర చాలావరకు తప్పుతాయి. పైగా కీలు మార్చకుండా ఎముకల్ని అతికించేయడం అనే ఇంకో దారి ఇక్కడ ఉంది. దాన్ని ఓటమి కింద జమకట్టడం వల్ల నష్టపోతున్నవాళ్లు ఎక్కువ.

ముందు ఆ కీలు ఎలా ఉంటుందో చూడాలి. పిక్కలోని రెండు ఎముకలు, టిబియా, ఫిబ్యులా, కింద కలిసి ఒక గూడులా ఏర్పడతాయి. వడ్రంగి గాడి తీసి అందులో చెక్కను బిగించినట్టు, టాలస్ అనే మూడో ఎముక ఆ గూట్లో కూర్చుంటుంది. వాటి మధ్య ఉండే మృదులాస్థి, అంటే అందరూ గుజ్జు అని పిలిచేది, చీలమండలో 1 నుంచి 2 మిల్లీమీటర్ల మందమే. మోకాలిలో కొన్నిచోట్ల అది 5, 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నడిచేటప్పుడు అడుగు ఎత్తే క్షణంలో చీలమండ మీద శరీర బరువుకు 4, 5 రెట్ల ఒత్తిడి పడుతుంది. ఇంత పలచని గుజ్జు అంత బరువు మోస్తున్నా, వయసుతో పాటు మోకాలు అరిగినట్టు చీలమండ అరగదు. ఆ గుజ్జు గట్టిది, ఆ గూడు బిగువైనది. ఎముక అంగుళం కాదు కదా, గింజంత కూడా పక్కకు జరగకుండా ఉన్నంతకాలం అది 80 ఏళ్లు నడుస్తుంది.

జరిగితేనే చిక్కు. 1976లో రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం ఎముకల డాక్టర్లందరికీ కంఠస్థం. టాలస్ ఒక్క మిల్లీమీటరు బయటివైపు జరిగితే, పై ఎముకకూ దానికీ మధ్య ఆనుకునే వైశాల్యం 42 శాతం పడిపోయింది. అదే బరువు అందులో సగానికి కాస్త మించిన చోటు మీద పడుతుందన్నమాట. అరుగుదల అక్కడి నుంచే మొదలవుతుంది. అమెరికాలోని అయోవాలో బాగా ముదిరిన 639 చీలమండల్ని పరిశీలించి 2005లో లెక్క తీస్తే, వాటిలో 70 శాతం పాత దెబ్బల వల్ల వచ్చినవే. కీళ్లవాతం (రుమటాయిడ్) వల్ల వచ్చినవి 12 శాతం దగ్గర. ఏ కారణం లేకుండా వయసుతో వచ్చినవి 7 శాతమే. మోకాలికి ఈ లెక్క పూర్తిగా తిరగబడి ఉంటుంది.

అంటే చీలమండ ఆర్థరైటిస్ కథ చాలామందికి బండి మీద నుంచి పడ్డ రోజునే మొదలైంది. విరుపుకూ, నడవలేని నొప్పికీ మధ్య 10, 20 ఏళ్లు గడవడం మామూలు. ఆ ఏళ్లన్నీ మనిషికి అంతా బాగైపోయిందనే అనిపిస్తుంది. ఇక్కడ పుత్తూరు కట్టు గురించి చెప్పకుండా దాటడం కుదరదు. పుత్తూరు దాటి చెన్నై వీధుల్లోనూ ఆ బోర్డులు కనిపిస్తాయి, ఆ కట్టు మీద నమ్మకం తరతరాలది. ఎముక చోటు కదలకుండా సన్నగా చిట్లినప్పుడు ఏ కట్టు కట్టినా, కదపకుండా ఉంచితే అతుక్కుంటుంది. చీలమండ విరిగి గూడు తెరుచుకున్నప్పుడు మాత్రం పైనుంచి బిగించే కట్టుకు ఒక్క మిల్లీమీటరు తేడా తెలియదు. ఎముక అతుక్కుంటుంది, నడక వస్తుంది, గూడు మాత్రం వంకరగా మిగిలిపోతుంది. కట్టు కట్టించుకోదలిచినవాళ్లు కూడా ముందు ఎక్స్‌రే తీయించి, గూడు సరిగ్గా ఉందో లేదో ఎముకల డాక్టర్ నోట వినాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకునే వీలుంటే, ఆపరేషన్ సంగతులన్నిటికన్నా ఇదే గుర్తుంచుకోవాల్సింది. ప్లేట్లు, స్క్రూలు వేసి బాగా సరిచేసినా దెబ్బ తగిలిన నాడే గుజ్జు నలిగిపోయి ఉంటే తర్వాత అరగొచ్చు. అది ఎవరి తప్పూ కాదు. పదే పదే బెణికి, లిగమెంట్లు వదులైపోయిన చీలమండ కూడా చివరికి అక్కడికే చేరుతుంది.

దీనివల్ల ఒక పెద్ద తేడా వస్తుంది. మోకాలు మార్పించుకునేవాళ్లు ఎక్కువగా 60 దాటినవాళ్లు. చీలమండ పాడైనవాళ్లు 45, 50 దగ్గరే వస్తారు. ఉద్యోగం ఉంటుంది, బండి నడపాలి, పిల్లల చదువులు పూర్తికాలేదు. కాలి మీద పాత ఆపరేషన్ మచ్చ ఉంటుంది, లోపల ప్లేటు ఉంటుంది, పాదం ఒకవైపు వాలి ఉంటుంది. మార్చిన కీలు ఇంకా 30, 35 ఏళ్లు మోయాలి. వాళ్లు పడే బాధ కూడా చిన్నదేం కాదు. ముదిరిన చీలమండ ఆర్థరైటిస్ మనిషిని తుంటి ఆర్థరైటిస్‌కు తీసిపోనంతగా కుంగదీస్తుందని కెనడా పరిశోధకులు 2008లో తేల్చారు. 'కాలి నొప్పే కదా' అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఆపరేషన్ దాకా వెళ్లకుండా కొన్నేళ్లు గడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. బరువు తగ్గడం, చీలమండను పట్టి ఉంచే బ్రేస్, అడుగుభాగం ముందూ వెనకా వంపు తిరిగి ఉండే రాకర్ సోల్ చెప్పులు, అవసరానికి నొప్పి మాత్రలు, ఒకటో రెండో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. వీటిలో రాకర్ సోల్‌ను మనవాళ్లు తక్కువగా వాడతారు, అది ఇచ్చే ఊరట మాత్రం తక్కువ కాదు. ఇంట్లో చెప్పులు వేసుకునే అలవాటు మనకు లేదు గనక, ఇంట్లోకి విడిగా ఒక జత పెట్టుకుంటేనే దాని ఫలితం తెలుస్తుంది. పీఆర్పీ ఇంజెక్షన్ అని, సొంత రక్తం నుంచి తీసి కీలులోకి ఎక్కించే వైద్యానికి ఇప్పుడు చాలాచోట్ల వేలకు వేలు తీసుకుంటున్నారు. నెదర్లాండ్స్‌లో 100 మంది మీద జరిగిన పరీక్ష 2021లో 'జామా' పత్రికలో వచ్చింది. 26 వారాల తర్వాత చూస్తే చీలమండ ఆర్థరైటిస్‌లో అది ఉత్త ఉప్పునీటి ఇంజెక్షన్ కంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదు. ఆ డబ్బు మంచి చెప్పులకూ ఫిజియోథెరపీకీ పెట్టడం నయం.

ఇవన్నీ అయ్యాక కూడా నొప్పి నిద్రపోనివ్వకపోతే, అప్పుడు ఆపరేషన్ మాట. దానికి ముందు తేల్చాల్సింది ఒకటుంది: నొప్పి నిజంగా ఏ కీలుది? చీలమండ కిందే సబ్‌టాలార్ అనే ఇంకో కీలు ఉంది. పాదాన్ని పక్కలకు వాల్చేది అదే. మెట్లు దిగుతున్నప్పుడు ముందువైపు పట్టేస్తే చీలమండను అనుమానించాలి. మెరీనా ఇసుకలోనో గతుకుల పేవ్‌మెంట్ మీదో నడిచినప్పుడు పాదం లోపల, పక్కన పొడిస్తే కింది కీలును చూడాలి. అనుభవం ఉన్న డాక్టర్ ఒక చేత్తో పిక్క కింది భాగాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో మడమను అటూ ఇటూ వాలుస్తాడు. అప్పుడు మనిషి ముఖంలో నొప్పి కనిపిస్తే కింది కీలు కూడా పాడైందేమోనని ఆరా తీస్తాడు. అయినా తేలకపోతే ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఆ ఒక్క కీలులోకే మత్తుమందు ఎక్కించి, పేషెంటును కాసేపు నడవమంటాడు. నొప్పి మాయమైతే దొంగ దొరికినట్టే. ఎక్స్‌రే కూడా పడుకోబెట్టి కాదు, నిలబెట్టి తీయాలి. కాలు బరువు మోస్తున్నప్పుడే టాలస్ ఎటు వాలుతోందో బయటపడుతుంది. పడుకోబెట్టి తీసిన ఫిల్మ్ ఒక్కటి చూసి 'మార్చేద్దాం' అన్న చోట ఆగి, రెండో అభిప్రాయం తీసుకోవడం మంచిది.

కింది కీలు సంగతి ఎందుకింత ముఖ్యమంటే, అతికించడమా మార్చడమా అన్నదాన్ని సగం అదే తేలుస్తుంది. అతికించే ఆపరేషన్‌ను ఫ్యూజన్ అంటారు. అరిగిన గుజ్జంతా గీకేసి, టిబియానూ టాలస్‌నూ స్క్రూలతో బిగిస్తే రెండూ ఒకే ఎముకగా కలిసిపోతాయి. కదలిక లేదు గనక అక్కడ నొప్పీ ఉండదు. పాదాన్ని పిక్కకు 90 డిగ్రీల దగ్గర అతికిస్తారు. కుదిరితే చిన్న రంధ్రాల గుండా, ఆర్త్రోస్కోపీతోనే చేస్తారు. చీలమండ అతికినా పాదం మధ్యలో ఉన్న మిగతా కీళ్లు కొంత పైకీ కిందకీ కదులుతాయి. అందుకే కుదురుగా అతికిన మనిషి చదునైన నేల మీద మంచి చెప్పులతో నడుస్తుంటే, పక్కనున్నవాళ్లు గుర్తుపట్టలేకపోవచ్చు. 45 ఏళ్ల మెకానిక్‌కో, రోజంతా నిలబడి బరువులెత్తే మనిషికో ఇది నమ్మకమైన వైద్యం. అరిగిపోయే భాగం లోపల ఏదీ లేదు. నష్టం నెమ్మదిగా కనిపిస్తుంది: చీలమండ చేయని పనిని కింది కీలు చేస్తూ, ఏళ్ల తరబడి ఆ బరువు మోసి అదీ అరుగుతుంది. అది అప్పటికే అరిగి ఉంటే? రెండు కాళ్లూ పాడై ఉంటే? రెండు చీలమండలూ బిగుసుకుపోయిన మనిషికి కుర్చీలోంచి లేవడం, వాలులో దిగడం కష్టమవుతాయి. కీళ్లవాతం ఉన్నవాళ్లు ఎక్కువగా ఈ కోవలోకే వస్తారు. కనీసం ఒక వైపైనా కదిలే కీలు ఉంచడం వాళ్లకు ఎంతో మేలు.

మార్పిడి కొత్తగా వచ్చిందేం కాదు. ఫ్రాన్స్‌లో 1970లోనే మొదలైంది. తుంటికి వాడే కాడను తలకిందులు చేసి టిబియాలోకి దించారు. అప్పటి కీళ్లు చాలావరకు కొన్నేళ్లలోనే వదులైపోయాయి. డాక్టర్లు మళ్లీ అతికించడానికే మొగ్గారు. ఎముకను తక్కువ కోసే, సిమెంటు లేకుండా ఎముకే లోహంలోకి పెరిగేలా చేసే కీళ్లు వచ్చాకే నమ్మకం తిరిగొచ్చింది. డెన్మార్క్‌లో రూపొందిన స్టార్ అనే కీలుకు అమెరికాలో 2009లో అనుమతి దొరికింది. ఇప్పటి కీలులో పైన టిబియాకు ఒక లోహపు పలక, కింద టాలస్‌కు ఒక లోహపు తొడుగు, మధ్యలో పాలిథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్క ఉంటాయి. ఆ ముక్క పై పలకకు బిగించి ఉంటే ఫిక్స్‌డ్ బేరింగ్, జారేలా ఉంటే మొబైల్ బేరింగ్. ఏ రకం వేస్తున్నారో, ఎందుకో అడిగే హక్కు పేషెంటుకు ఉంది.

ఈ రెండు ఆపరేషన్లనూ పక్కపక్కన పెట్టి తూచిన పెద్ద పరీక్ష బ్రిటన్‌లో జరిగింది. టార్వా అనే ఆ పరీక్షలో 50 నుంచి 85 ఏళ్ల మధ్యవాళ్లు 303 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. ఏడాది గడిచాక రెండు వైపులవాళ్లకూ నడక, నిలబడటం బాగా మెరుగుపడ్డాయి. మార్పిడివాళ్లు కాస్త ముందున్నారు గానీ, మొత్తం మీద ఆ తేడా గట్టిగా చెప్పుకోదగ్గది కాదు. ఫిక్స్‌డ్ బేరింగ్ కీళ్లను విడదీసి చూస్తే మాత్రం మార్పిడిదే పైచేయిగా కనిపించింది. గాయం మానకపోవడం, నరాలు దెబ్బతినడం మార్పిడిలో ఎక్కువ. అతికించినవాళ్లలో దాదాపు 12 శాతం మందికి ఎముక సరిగ్గా అతకలేదు. పొగతాగేవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఆపరేషన్ ముందు సిగరెట్ మానేయమని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే. దీన్నిబట్టి ఒకటి అర్థమవుతుంది: ఫలానా ఆపరేషన్ గొప్పదని ఎవరైనా గంటాపథంగా చెబితే, పేషెంటు బతుకు గురించి వాళ్లు ఇంకా అడగలేదన్నమాట.

ఆ బతుకులో ఏముందో చూస్తే మన దగ్గర కొన్ని ప్రశ్నలు వేరేగా ఉంటాయి. మొదటిది గొంతుక్కూర్చోవడం. దానికి పిక్క పాదం మీదకు బాగా ముందుకు వాలాలి. అతికించాక అది కుదరదు. మార్చినా చాలామందికి కుదరదు. మార్పిడి, ఉన్న కదలికను కాపాడుతుంది, కొంచెం పెంచొచ్చు కూడా. పదేళ్లుగా బిగుసుకుపోయిన చీలమండను మళ్లీ కుర్రతనానికి తీసుకుపోదు. మార్చిన కీలు మొత్తం కదలిక చాలామందిలో 25, 35 డిగ్రీల మధ్య ఆగుతుంది. ఇది ముందే తెలియనివాళ్లు ఆపరేషన్ బాగా జరిగినా నిరాశపడతారు. ఇంట్లో వెస్టర్న్ టాయిలెట్ పెట్టించుకోవడం ఏ దారిలోనైనా తప్పదు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఎక్కువగా తుంటి, మోకాళ్ల పని గనక చాలామందికి వీలవుతుంది. నమాజులో మడమల మీద కూర్చోవాలంటే పాదం వెనక్కి సాగాలి, అతికించినవాళ్లు కుర్చీ వాడుకోవాల్సి ఉంటుంది.

ఇంకొకటి బండి. గేర్లున్న మోటార్‌సైకిల్‌కు గేరు ఎడమ కాలితో వేయాలి, వెనక బ్రేకు కుడి కాలితో నొక్కాలి. ఎడమ చీలమండ అతికించాక పాదం కింద నుంచి లివర్‌ను పైకి ఎత్తడం కష్టం. గేర్లులేని స్కూటర్‌కు మారితే ఆ టెన్షన్ ఉండదు. గుడిలో చెప్పులు విప్పాలి, ఇంట్లోనూ వట్టి కాళ్లే. అతికించినవాళ్లకు రాకర్ సోల్ సాయం అక్కడ దొరకదు గనక, పాదాన్ని ఏ కోణంలో అతికిస్తున్నారన్నది మన దగ్గర ఇంకా ముఖ్యం. ఈ మాట ఆపరేషన్ ముందే డాక్టర్‌తో అనాలి. తిరుమలకు నడిచి వెళ్తానని మొక్కుకున్నవాళ్లు, అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయని గుర్తుపెట్టుకుని, ఏ ఆపరేషన్ అయినా కనీసం ఏడాది ఆగి, డాక్టర్‌ను అడిగాకే ఆ ఆలోచన చేయాలి. నడక, ఈత, సైకిల్ మంచివే. పరుగు, గెంతులు మాత్రం మార్చిన కీలును తొందరగా అరగదీస్తాయి.

మార్పిడి అసలు చేయకూడనివాళ్లూ ఉన్నారు. షుగర్ ముదిరి పాదాల్లో స్పర్శ పోయినవాళ్లు, దానివల్ల ఎముకలు నలిగిపోయే షార్కో పాదం వచ్చినవాళ్లు, కాలికి రక్తప్రసారం సరిగ్గా లేనివాళ్లు, కీలులో ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు, టాలస్ చాలామేర చచ్చుబడినవాళ్లు. షుగర్ ఉందన్నంత మాత్రాన దారి మూసుకుపోదు, అదుపులో ఉండి స్పర్శ బాగుంటే డాక్టర్లు ఆలోచిస్తారు. అరికాళ్ల తిమ్మిర్ల సంగతి డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మనమే చెప్పాలి.

ఆపరేషన్‌లో గాటు ఎక్కువగా చీలమండ ముందువైపే, నిలువుగా పెడతారు. అక్కడ చర్మం పలచన, కింద కొవ్వు లేదు, స్నాయువులూ రక్తనాళమూ నరమూ ఇరుక్కుని ఉంటాయి. ఈ ఆపరేషన్‌లో సర్జన్‌కు భయం ఎముక కోత గురించి కన్నా ఈ చర్మం మానుతుందా లేదా అన్నదే. అందుకే మొదటి రెండు మూడు వారాలు అన్నిటికన్నా ముఖ్యం. కాలిని గుండె కంటే ఎత్తులో పెట్టుకుని, కట్టు తడవకుండా ఉండాలి. నెల్లూరు నుంచి వచ్చినవాళ్లు నాలుగో రోజే డిశ్చార్జి అయిపోయిందని, కాలు కిందకి వేలాడేసుకుని రైల్లో మూడు గంటలు కూర్చుంటే వాపు పెరుగుతుంది, గాయం విచ్చుకునే ప్రమాదం వస్తుంది, కాలిలో రక్తం గడ్డకట్టే భయమూ ఉంది. కుట్లు తీసేదాకా చెన్నైలోనే, మెట్లెక్కనక్కర్లేని చోట ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఆ తర్వాత బూటు వేసి నెమ్మదిగా బరువు పెట్టనిస్తారు. మామూలు చెప్పులతో నడవడానికి మూడు నెలల దాకా, వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది దాకా పడుతుంది. మోకాలు మార్పించుకున్న పెద్దమ్మ మర్నాడే వాకర్ పట్టుకుని నడిచిందని ఇక్కడ పోల్చుకోకూడదు.

డబ్బు విషయంలోనూ మోకాలి లెక్క చెల్లదు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టింది, చీలమండ అందులో లేదు. ఎస్టిమేట్ తీసుకునేటప్పుడు ఇంప్లాంట్ ధర, పాత ప్లేట్లు తీసే ఖర్చు, అవసరమైతే మడమ వెనక స్నాయువు సాగదీయడం, లిగమెంట్ బిగించడం లాంటివి విడివిడిగా రాయించుకోవాలి. ఇన్సూరెన్స్ అయినా, ప్రభుత్వ ఆరోగ్య కార్డు అయినా, ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందని ముందే రాతలో తెచ్చుకోవాలి. సర్జన్‌ను 'మీరు చీలమండలు ఎన్ని మార్చారు, ఏటా ఎన్ని చేస్తారు' అని అడగడం మర్యాద తప్పడం కాదు. బ్రిటన్ మొత్తం మీద మోకాళ్లు ఏటా లక్ష దాకా మారుస్తుంటే, చీలమండలు వెయ్యి అటూ ఇటూ. వేల మోకాళ్లు మార్చిన చేయి అయినా చీలమండకు కొత్తదే కావొచ్చు.

మార్చిన కీళ్లలో పదేళ్ల తర్వాత 100కు 80 నుంచి 90 దాకా ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటాయి. పాడైనదాన్ని మళ్లీ మార్చొచ్చు, లేదా తీసేసి అతికించొచ్చు. అప్పటికి ఎముక తగ్గిపోయి ఉంటుంది గనక నడుం దగ్గరి ఎముక తెచ్చి నింపాల్సి రావొచ్చు, ఆ పని మొదటిసారి కన్నా చాలా కష్టం. ప్లాస్టిక్ అరిగిన పొడి వల్ల కీలు చుట్టూ ఎముకలో గుల్లలు ఏర్పడతాయి. వాటికి చాలాకాలం నొప్పి ఉండదు. నొప్పి లేదని చూపించుకోవడం మానేసినవాళ్లు, ఎముక చాలామేర పోయాక వస్తున్నారు. అందుకే ఏడాదికోసారి నిలబడి తీయించుకున్న ఎక్స్‌రే అవసరం. అది చెన్నైలోనే తీయించనక్కర్లేదు, నెల్లూరులో తీయించి ఫిల్మ్‌ను ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు పంపినా సరిపోతుంది. డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంట్ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ అంటిస్తారు. పదేళ్ల తర్వాత ప్లాస్టిక్ ముక్క ఒక్కటే మారిస్తే సరిపోయే పరిస్థితి వస్తే, ఆ స్టిక్కర్ లేకుండా సరిపడే ముక్క వెతకడం కష్టమవుతుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, కాగితాన్ని బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన పెట్టాలి.